లోపలి నుంచీ బయటి నుంచీ తెరుచుకోని తలుపు: కారు డోర్ హ్యాండిల్ ఇంట్లోనే మార్చిన ఒక కేసు

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల తలుపులు, లాకులు, అద్దాల పని చేస్తూ నాకు 22 ఏళ్లు నిండాయి. అయితే ఈ కేసులో నేను పనిముట్టు పట్టలేదు. తెనాలిలో ఉంటున్న మా అక్క వాళ్ల కారుకు వెనక ఎడమ తలుపు బయటి హ్యాండిల్ విరిగితే, మా మేనల్లుడు తన చేతులతోనే దాన్ని మార్చాడు. నేను పక్కన నిలబడి చెప్పాను. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న అతనికి అంతకు ముందు టైరు మార్చిన అనుభవం తప్ప బండిపని ఏదీ తెలియదు. అతను ఎక్కడ తడబడ్డాడో, నేను ఎక్కడ ఆపవలసి వచ్చిందో దాచకుండా రాస్తే, ఇంటి దగ్గర ఈ పని చేసుకోవాలనుకునే వారికీ, మా పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లకూ ఉపయోగపడుతుందని ఈ వివరమంతా రాస్తున్నాను.

బండి 11 ఏళ్ల నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్. నాలుగు తలుపులకూ సెంట్రల్ లాకింగ్ ఉంది; వెనక అద్దాలు మాత్రం చేత్తో తిప్పేవి. బయటి హ్యాండిల్, కింది నుంచి వేళ్లు దూర్చి పైకి ఎత్తే రకం. అక్క మనవరాళ్లు ఇద్దరూ రోజూ ఆ కారులోనే బడికి వెళ్తారు. మన దగ్గర బండి రోడ్డుకు ఎడమ పక్కన ఆగుతుంది కనుక పిల్లలు ఎక్కేదీ దిగేదీ వెనక ఎడమ తలుపు నుంచే. ఆ తలుపుకు చైల్డ్ లాక్ వేసి ఉంచారు. అది సరైన పనే. కానీ చైల్డ్ లాక్ వేసిన తలుపు లోపలి హ్యాండిల్‌తో తెరుచుకోదు కాబట్టి, దానికి మిగిలిన ఒకే ఒక దారి బయటి హ్యాండిల్. ఒక శుక్రవారం సాయంత్రం బడి గేటు ముందు ఆ హ్యాండిల్ ఎత్తగానే లోపల ఏదో విరిగిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత అది ఏ పట్టూ లేకుండా ఊగసాగింది. పిల్లలు కుడి పక్క తలుపు నుంచి, లారీలు పోయే వైపు నుంచి ఎక్కవలసి వచ్చింది.

ఆ రాత్రి మేనల్లుడు ఫోన్ చేసి, “కుడి తలుపు బాగానే ఉంది కదా మావయ్యా, నెలాఖరు దాకా ఇలాగే నడిపిస్తాం” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రెండు వైపుల నుంచీ తెరుచుకోని తలుపు గోడతో సమానం, ఆ గోడ పక్కన కూర్చునేది ఆరేళ్ల పిల్ల. తెనాలి చుట్టుపక్కల చాలా ఊళ్లకు కాలువ గట్ల మీదుగానే వెళ్లాలి. బండి కాలువలోకి జారినా, ఇంజిన్ దగ్గర పొగ వచ్చినా ఆ పిల్లలు బయటికి రావడానికి ఉన్న దారుల్లో ఒకటి మూసుకుపోయినట్టే. హ్యాండిల్ విరగడం చూడటానికి చిన్న లోపమే అయినా, దాన్ని నెలాఖరు దాకా వాయిదా వేయకూడదని నేను ప్రతి యజమానికీ చెబుతాను. మరమ్మతు అయ్యేదాకా పిల్లలను ఆ బండిలో ఎక్కించవద్దని అక్కకు కూడా చెప్పాను.

ఫోన్‌లోనే అతన్ని రెండు ప్రశ్నలు అడిగాను. హ్యాండిల్ ఎత్తితే వదులుగా వస్తోందా, బిగుసుకుపోయి ఉందా అన్నది మొదటిది. వదులుగా ఊగుతుంటే హ్యాండిల్‌కూ, తలుపును బాడీకి పట్టి ఉంచే లాకుకూ మధ్య ఉన్న సంబంధం తెగింది అని అర్థం: హ్యాండిల్ వెనక ఉండే ప్లాస్టిక్ చెయ్యి విరిగి ఉంటుంది, లేదా దాన్ని లింక్ రాడ్‌కు, అంటే లాకు దాకా వెళ్లే సన్నటి కడ్డీకి, కలిపే చిన్న క్లిప్పు ఊడి ఉంటుంది. బిగుసుకుపోయి ఉంటే హ్యాండిల్ దోషం కాదు, లాకు పట్టేసింది. హ్యాండిల్ మామూలు బరువుతో కదులుతూ కూడా తలుపు రాకపోతే సెంట్రల్ లాకింగ్ ఆ తలుపు దగ్గర విడిపోవడం లేదేమో చూడాలి. రెండో ప్రశ్న ఆ సెంట్రల్ లాకింగ్ గురించే. తాళం తీసినప్పుడు ఆ తలుపు మీది నాబ్ (తాళం గుండీ) మిగతా వాటితో పాటు పైకి లేస్తోందా అని అడిగాను. లేస్తోందన్నాడు, హ్యాండిల్ వదులుగా ఉందన్నాడు. దాంతో ఏం కొనాలో తేలింది.

శనివారం ఆటోనగర్‌లో ఎడమ వెనక తలుపుకు సరిపడే హ్యాండిల్, రెండు లింక్ రాడ్ క్లిప్పులు, డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు కప్పే అట్ట) క్లిప్పులు పది, తలుపు లోపలి షీటు అతికించే నల్లటి బ్యుటైల్ టేపు చుట్ట ఒకటి తీసుకున్నాను. అన్నీ కలిపి 900 రూపాయల లోపే అయింది. మొదట చూపించిన చౌక రకం హ్యాండిల్‌ను నేను వెనక్కి ఇచ్చేశాను. దాని స్ప్రింగ్ వేలితో తాకితే లేచిపోయేంత మెత్తగా ఉంది. హ్యాండిల్‌ను కిందికి లాగిపెట్టే ఆ స్ప్రింగ్‌కు, కొన్ని బండ్లలో హ్యాండిల్ వెనక ఉండే బరువు ముక్కకు ఒక ముఖ్యమైన పని ఉంది: పక్క నుంచి మరో బండి గుద్దినప్పుడు ఆ కుదుపుకు హ్యాండిల్ తనంతట తాను లేచి తలుపు తెరుచుకోకుండా ఆపడం. తలుపు లాకుల గురించిన ఐక్యరాజ్యసమితి 11వ నిబంధన, గురుత్వాకర్షణకు 30 రెట్ల కుదుపు వచ్చినా లాకు విడిపోకూడదని చెబుతుంది. హ్యాండిల్ కొనేటప్పుడు రంగు, మెరుపు చూసే ముందు స్ప్రింగ్‌ను, వెనక చెయ్యి మందాన్ని చూడమని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

మూసుకున్న తలుపును లోపలి నుంచి విప్పడం

మామూలుగా ఈ పని తలుపు తెరిచిపెట్టి చేస్తాం. ఇక్కడ ఆ తలుపే తెరుచుకోదు. చైల్డ్ లాక్ మీట తలుపు అంచున ఉంటుంది కాబట్టి తలుపు మూసి ఉండగా దాన్ని తీయడం కుదరదు. ఇటువంటప్పుడు కొందరు బయటి నుంచి హ్యాండిల్ రెక్క పైకి లేపి, రేకు సందులోకి స్క్రూడ్రైవర్ దూర్చి పొడుస్తారు. రంగు పోవడం, రేకు వంగడం తప్ప అందువల్ల ఒరిగేది చాలా తక్కువ. తలుపు మూసి ఉండగానే లోపల డోర్ ప్యాడ్‌ను కొంతమేరకు లేపి, చెయ్యి పట్టేంత సందు చేసుకుని, లాకు రాడ్‌ను వేళ్లతో కదపడమే సరైన పద్ధతి.

ఆదివారం ఉదయం ఎండ రాకముందే మొదలుపెట్టించాను. ముందుగా వెనక అద్దం పూర్తిగా పైకి తిప్పించాను, ఎందుకంటే అద్దం కిందికి ఉంటే హ్యాండిల్ నట్లకు అదే అడ్డం వస్తుంది. అద్దం తిప్పే పిడి తీసేశాక ఆ సంగతి గుర్తుకొస్తే మళ్లీ మొదటికి రావాలి. తర్వాత బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పించాను. ఈ బండిలో తలుపుల్లో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు లేవు. పక్క ఎయిర్‌బ్యాగులున్న కొత్త బండ్లలో ఆ సెన్సర్ కొన్నిసార్లు తలుపులోనే ఉంటుంది, అక్కడ బ్యాటరీ విప్పి కొన్ని నిమిషాలు ఆగనిదే తలుపులో చెయ్యి పెట్టకూడదు.

వెనక సీటు కింది దిండు తీసేశాక మనిషి మోకాళ్ల మీద కూర్చునేంత చోటు వచ్చింది. లోపలి హ్యాండిల్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గిన్నెలో ఒక స్క్రూ, చెయ్యి పెట్టి లాగే పిడి లోపల రెండు స్క్రూలు విప్పాడు. అద్దం తిప్పే పిడి దగ్గర ఆగిపోయాడు, దానికి స్క్రూ కనిపించలేదు. ఆ పిడిని లోపల గుర్రపు లాడం ఆకారపు తీగ క్లిప్పు పట్టి ఉంచుతుంది. పిడికీ ప్యాడ్‌కూ మధ్య పాత నూలు గుడ్డ దూర్చి, రెండు కొసలూ పట్టుకుని వీపు రుద్దుకున్నట్టు అటూ ఇటూ లాగితే, గుడ్డ పోగు క్లిప్పు కొసకు తగులుకుని దాన్ని బయటికి నెడుతుంది. అది ఎగిరి ఎక్కడో పడుతుంది కనుక రెండో చెయ్యి అడ్డం పెట్టాలి. మూడో లాగుకు వచ్చింది.

ప్యాడ్‌ను లేపేటప్పుడు క్లిప్పు పక్కనే పట్టి లాగాలి, క్లిప్పుకు దూరంగా పట్టి లాగితే ప్యాడ్ అట్ట చిరుగుతుంది. తలుపు మూసి ఉన్నప్పుడు ప్యాడ్ వెనక అంచు బాడీ రబ్బరు కిందికి, కింది అంచు గడప ప్లాస్టిక్ మీదికి ఆనుకుని ఉంటాయి కాబట్టి మొత్తం ఊడిరాదు. వెనక కింది మూల ఒక్కటే నాలుగంగుళాలు లేపగలిగాడు. ఆ క్రమంలో రెండు క్లిప్పులు విరిగాయి. 11 ఏళ్ల ప్లాస్టిక్ విరగడం సహజం, అందుకే పది క్లిప్పులు ముందే కొన్నాను. ప్యాడ్ వెనక ఉన్న పారదర్శక షీటును చింపకుండా, దాని జిగురును నెమ్మదిగా వదిలిస్తూ ఒక మూల మడతపెట్టాడు. రేకుకు ఉన్న పెద్ద రంధ్రంలోకి చెయ్యి దూర్చే ముందు పొడుగు చేతుల చొక్కా వేసుకోమన్నాను. తలుపు లోపలి రేకు అంచులు నున్నగా ఉండవు, అవి బ్లేడులా ఉంటాయి. నా ముంజేతి మీద ఇప్పటికీ రెండు గీతలున్నాయి.

లోపల వేళ్లకు రెండు రాడ్లు తగిలాయి. “ఏది మావయ్యా?” అన్నాడు. బయటి హ్యాండిల్ నుంచి నిలువుగా లాకులోకి దిగేది కావాలి. నాబ్ దగ్గరికి వెళ్లేది తాళానికి సంబంధించినది. సరైన రాడ్‌ను ఈ బండిలో కిందికి నొక్కాలి. కొన్ని బండ్లలో పైకి లాగాలి, ఇంకొన్నిటిలో రాడ్ బదులు కేబుల్ ఉంటుంది. అతను రాడ్ నొక్కుతుండగా నేను బయటి నుంచి తలుపును లోపలికి గట్టిగా అదిమి పట్టుకున్నాను, ఎందుకంటే అలా అదిమితే లాకు మీది ఒత్తిడి తగ్గి రాడ్ తేలికగా కదులుతుంది. తలుపు తెరుచుకుంది. అప్పటికి 40 నిమిషాలైంది. చైల్డ్ లాక్ మీటను వెంటనే తీయించాను.

విరిగింది ఎందుకు

తలుపు తెరిచాక ప్యాడ్ పూర్తిగా విప్పి, హ్యాండిల్‌ను పట్టి ఉంచే రెండు 10 మి.మీ. నట్లు తీయడం పది నిమిషాల పని. ఒకటి పెద్ద రంధ్రం నుంచి, రెండోది తలుపు అంచున ఉన్న రబ్బరు మూత తీస్తే బాక్స్ స్పానర్‌కు అందుతుంది. నట్టు జారితే తలుపు అడుగున పడి మళ్లీ దొరకదు కనుక కింద గుడ్డ పరిపించాను. లింక్ రాడ్ క్లిప్పును లాగి పీకకూడదు. ముందు దాన్ని రాడ్ మీది నుంచి పక్కకు తిప్పాలి, అప్పుడు రాడ్ తనంతట తాను బయటికి వస్తుంది.

హ్యాండిల్ బయటికి వచ్చాక నేను దాన్ని చాలాసేపు చూశాను. రాడ్‌ను నెట్టే ప్లాస్టిక్ చెయ్యి ఇరుసు దగ్గర విరిగింది. విరిగిన ముఖంలో సగం మట్టిపట్టి నల్లబడి ఉంది, సగం తెల్లగా కొత్తగా ఉంది. అంటే పగులు శుక్రవారం వచ్చింది కాదు. చాలా నెలల క్రితమే మొదలై, కొంచెం కొంచెంగా పెరిగి, ఆ రోజు తెగింది. ఆ చెయ్యి మీద చాలాకాలంగా ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువు పడుతోంది అన్నమాట. కొత్త హ్యాండిల్ బిగించి వచ్చేస్తే అదీ ఏడాదికో రెండేళ్లకో ఇదే చోట విరుగుతుంది. నా షెడ్డుకు రెండోసారి, మూడోసారి అదే హ్యాండిల్ కోసం వచ్చే బండ్లన్నీ ఇలాంటివే. మొదట మార్చిన మనిషి విరిగిన ముక్కను పారేసే ముందు ఒక్కసారి దాని ముఖం చూసి ఉండవలసింది.

బరువు ఎక్కడి నుంచి వచ్చిందో వెతికాం. కుడి వెనక తలుపు బాగుంది కాబట్టి దాన్ని పోల్చడానికి వాడాను. సామాను తూచే హుక్కు తక్కెడను ఆ హ్యాండిల్‌కు తగిలించి లాగితే తలుపు విడిపోయేసరికి 7 కిలోలు చూపించింది. ముందు తలుపులకు 4 కిలోలే. వెనక రెండు తలుపులకూ, ముందు వాటికీ తేడా ఏమిటని అడిగితే అక్క చెప్పింది: ఏడాదిన్నర క్రితం రోడ్డు చప్పుడు లోపలికి వస్తోందని, వెనక తలుపుల చుట్టూ లావుపాటి రబ్బరు బీడింగు అదనంగా అతికించారట. కంపెనీ రబ్బరు మీద మరో రబ్బరు. అప్పటి నుంచి తలుపు గట్టిగా కొడితేనే పడుతోందట.

ఇది అర్థం కావాలంటే లాకు ఎలా పనిచేస్తుందో చెప్పాలి. బాడీకి బిగించిన స్ట్రైకర్ కడ్డీని తలుపు అంచున ఉన్న కొక్కెం తిరిగి పట్టుకుంటుంది. ఆ కొక్కెం వెనక్కి తిరగకుండా ఒక చిన్న పన్ను అడ్డం పడుతుంది. మనం హ్యాండిల్ ఎత్తినప్పుడు జరిగేదల్లా ఆ పన్ను పక్కకు జరగడమే. తలుపు మూసి ఉన్నంతసేపూ రబ్బరు దాన్ని బయటికి నెడుతుంది, ఆ నెట్టుడు కొక్కెం ద్వారా పన్ను మీద పడుతుంది. రబ్బరు లావైతే పన్ను మీద ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే దాన్ని జరపడానికి ఎక్కువ బలం కావాలి, ఆ బలమంతా చిటికెన వేలంత ప్లాస్టిక్ చెయ్యి మోయాలి. పైగా ఈ లాకులో గ్రీజు ఎండి, రోడ్డు దుమ్ముతో కలిసి బంకలా గట్టిపడి ఉంది. ఎండలో నిలబడే బండిలో ప్లాస్టిక్ ఎలాగూ పెళుసెక్కుతుంది. మూడూ కలిశాయి. ఎడమ తలుపు రోజుకు ఎక్కువసార్లు తెరుస్తారు కాబట్టి ముందు అది విరిగింది.

రెండు తలుపుల అదనపు బీడింగునూ పీకించాను. అక్కకు చప్పుడు గురించి కొంచెం బెంగ ఉన్నా ఒప్పుకుంది. లాకు కొక్కెంలోకి శుభ్రం చేసే స్ప్రే కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో బంక అంతా వదిలించి, ఆరాక తెల్ల లిథియం గ్రీజు పూయించాను. తుప్పు వదిలించే స్ప్రే ఒక్కటే కొట్టి వదిలేయడం చాలామంది చేసే పని. అది కడుగుతుంది కానీ నిలవదు, కొన్నాళ్లకు లాకు మళ్లీ ఎండిపోతుంది. ఇంజిన్ ఆయిల్ పోస్తే కారి దుమ్మును పట్టుకుంటుంది. కుడి తలుపును మళ్లీ తూస్తే 4 కిలోలకు కొంచెం పైన చూపించింది.

బిగింపు, పరీక్ష

కొత్త హ్యాండిల్ కింద వచ్చే రబ్బరు దిండ్లను మేనల్లుడు డబ్బాలోనే మరిచిపోయాడు. అవి లేకపోతే హ్యాండిల్ రంగును ఒరుస్తుంది, నీరు దిగుతుంది. పాత దిండు కింద రేకు మీద కంది గింజంత తుప్పు కనిపిస్తే దాన్ని రుద్ది ప్రైమర్ పూసి ఆరనిచ్చాం. నట్లు చేతితో పట్టించి, హ్యాండిల్ నాలుగు వైపులా సమంగా కూర్చున్నదని చూసి, అప్పుడు స్పానర్ వేయించాను. ప్లాస్టిక్‌లో కూర్చున్న బోల్టులు కనుక బిగువు తగిలాక పావు చుట్టుకు మించి తిప్పనివ్వలేదు.

రాడ్ సర్దుబాటులోనే తొందర పనికిరాదు. రాడ్ చివర మర ఉంటుంది, క్లిప్పు దాని మీద తిరుగుతుంది. హ్యాండిల్‌ను కొద్దిగా, రెండు మి.మీ. దాకా ఎత్తినా లాకు కదలకూడదు, ఆ తర్వాతే కదలాలి. ఆ కాస్త వదులు లేకపోతే పన్ను ఎప్పుడూ సగం లేచి ఉంటుంది, తలుపు పడినట్టే కనిపించినా పూర్తిగా పడదు. నేను పైన చెప్పిన నిబంధనలోనే, పూర్తిగా పడిన లాకు 11,000 న్యూటన్ల లాగుడును, ఒక్క క్లిక్కుతో సగం పడిన లాకు 4,500 న్యూటన్ల లాగుడును తట్టుకోవాలని ఉంది. సగం పడిన తలుపు బలం సగానికి కూడా రాదు. వదులు మరీ ఎక్కువైతే హ్యాండిల్ చివరి దాకా ఎత్తినా తలుపు రాదు. మూడుసార్లు క్లిప్పు తిప్పాక సరిపోయింది.

అప్పుడు అతను సంతోషంగా తలుపు మూయబోయాడు. నేను అంచు పట్టుకుని ఆపాను. ఈ మొత్తం పనిలో నేను చెయ్యి వేసి ఆపింది ఇక్కడ ఒక్కచోటే. రాడ్ సరిగా కలవకుండా తలుపు పడితే ఉదయం పడిన తిప్పలు మళ్లీ పడవలసి రావచ్చు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక కస్టమర్ బండికి అలాగే చేసి సాయంత్రం దాకా దానితోనే కూర్చున్నాను. తలుపు తెరిచి ఉండగానే కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసిన స్థితికి తేవాలి. మొదటి క్లిక్కు సగం, రెండో క్లిక్కు పూర్తి. అప్పుడు బయటి హ్యాండిల్ ఎత్తితే కొక్కెం టప్పున విడవాలి. అలా పదిసార్లు చేయించాను. తర్వాత అదే పద్ధతిలో లోపలి హ్యాండిల్, ఆ తర్వాత చైల్డ్ లాక్ వేసి, తీసి, చివరికి బ్యాటరీ కలిపి సెంట్రల్ లాకింగ్‌తో పరీక్షించాం. తాళం పడి ఉన్నప్పుడు హ్యాండిల్ ఎత్తినా కొక్కెం విడవకూడదు. అదీ చూడాలి, చాలామంది చూడరు. అన్నీ సరిపోయాకే తలుపు మూయనిచ్చాను. తక్కెడ 4 కిలోలు చూపించింది.

షీటును పాత జిగురు మీదే నొక్కి వదిలేయకుండా చుట్టూ కొత్త బ్యుటైల్ టేపు వేయించాను. అద్దం పక్కనుంచి వాన నీరు తలుపులోకి దిగడం మామూలే, అది అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోయేలా తలుపును తయారుచేస్తారు. షీటు చిరిగినా సరిగా అతకకపోయినా ఆ నీరు ప్యాడ్‌లోకీ, కాళ్ల కింది చాపలోకీ వస్తుంది. అడుగు రంధ్రాల్లో మట్టి నిండి ఉంటే తీగతో తీయించి, ప్యాడ్ బిగించే ముందు పైపుతో అద్దం మీద నీళ్లు కొట్టించి చూశాం. మొత్తం పని, మధ్యలో అక్క పెట్టిన టిఫిన్‌తో సహా, మూడున్నర గంటలు పట్టింది. అలవాటున్న మనిషికి తెరుచుకునే తలుపైతే గంట చాలు.

ఒక్క లోపం మిగిలింది. ప్యాడ్ వెనక కింది మూలలో ఒక క్లిప్పు కూర్చునే ప్లాస్టిక్ గూడు, తలుపు మూసి ఉండగా లేపినప్పుడే చిట్లింది. వారం తర్వాత అక్కడ గిలకలాడుతోందని ఫోన్ వచ్చింది. ఆ గూటిని ఎపాక్సీతో అతికించమని చెప్పాను, అది ఆగింది.

ఎనిమిది నెలల తర్వాత, వానాకాలం పోయాక, తెనాలి వెళ్లినప్పుడు తక్కెడ తీసుకెళ్లాను. ఎడమ తలుపు 4 కిలోలే చూపించింది, కాళ్ల కింద చాప పొడిగా ఉంది. కుడి తలుపు హ్యాండిల్‌ను ఎత్తి టార్చి వేసి చూస్తే, దాని ప్లాస్టిక్ చెయ్యి మీద కూడా ఇరుసు దగ్గరే వెంట్రుకంత గీత కనిపించింది. బీడింగు ఉన్న రోజుల్లో పడిన పగులే అయి ఉండాలి. కొత్త హ్యాండిల్ పంపించాను. తర్వాతి ఆదివారం, ఆ తలుపు ఇంకా తెరుచుకుంటుండగానే, మేనల్లుడు ఒక్కడే కూర్చుని గంటా పది నిమిషాల్లో దాన్ని మార్చి, తలుపు మూయడానికి ముందు నాకు ఫోన్ చేసి స్పీకర్‌లో కొక్కెం చప్పుడు పదిసార్లు వినిపించాడు.